కోడలి టకటకలు

ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్ళు గడిచినా సిస్టరుగారికి పొద్దున్నే రౌండ్లు తిరిగే అలవాటు పోలేదు. లేవగానే ముందు భర్త మంచం దగ్గర ఆగి, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో పట్టీ తిప్పి చూస్తారు. తర్వాత కిటికీలన్నీ తెరుస్తారు. స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల కొడుకు చొక్కా తిరగేసి పెయింటు మరకలున్నాయేమో వెతుకుతారు. ఉంటాయి. వెంటనే ఓ కేక వేస్తారు. కొడుకుది రంగుల కొట్టు. ఆ చొక్కాకి మరక లేని రోజూ లేదు, ఆ ఇంట్లో ఆ కేక లేని పొద్దూ లేదు.

వీధి వీధంతా ఆవిడని సిస్టరుగారనే పిలుస్తుంది. ఆసుపత్రిలో ఓ వార్డు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన మనిషి మరి. "అందరూ సిస్టరంటారు, ఆ భాగ్యం లేనివాణ్ణి నేనొక్కణ్ణే" అని ఆవిడ భర్త నవ్వుతూ ఉంటారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవులు మందగించాయి. ఆ సంగతి మాత్రం ఒప్పుకోరు. ఈమధ్య మనుషులే గొణుగుతున్నారంటారు.

ఆ రోజు సిస్టరుగారు రౌండ్లలో భాగంగా వంటింట్లోకి వచ్చేసరికి కోడలు గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో కుడిచెయ్యి ముంచుకుని కూర్చుని ఉంది.

"మళ్ళీ లాగుతోందా?"

"పర్లేదత్తయ్యా. కాస్త తిమ్మిరి, అంతే."

'కాస్త, అంతే' అనే పేషంట్లని సిస్టరుగారు చాలామందిని చూశారు. చెయ్యి పైకి తీసి మణికట్టు నొక్కి చూశారు. కోడలు పెదవి బిగబట్టింది కానీ అబ్బా అనలేదు.

"ఆ లాప్‌టాప్ మీద వేళ్ళు పొడుచుకోవడం తగ్గించమంటే వినవు కదా" అన్నారు ఆవిడ, టవల్ అందిస్తూ.

కోడలు ఏం పని చేస్తుందో ఇంట్లో వాళ్ళకి తెలిసీ తెలియనట్టే ఉండేది. బాల్కనీ పక్క చిన్నగదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏదో టైపు చేస్తుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. పెళ్ళైన కొత్తలో వివరంగానే చెప్పింది. అందరూ "మంచిది, మంచిది" అని తలూపి ఊరుకున్నారు.

కొడుకు ఆ పూట పాలు తాగకుండానే బయటికెళ్ళి, ఓ పొడుగాటి అట్టపెట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"కళ్ళు మూసుకో" అన్నాడు భార్యతో.

"ఏమిటండీ అది?"

"మూసుకోమన్నానా! మా కొట్టు పక్కన కంప్యూటర్లు బాగుచేసే అతనితో చెప్పి తెప్పించాను. మెకానికల్ కీబోర్డు. ఒక్కో కీ కిందా విడిగా ఒక్కో స్ప్రింగు ఉంటుందట. వేలు వెయ్యగానే తిరిగి పైకి తంతుందట. ఇక నీ చెయ్యి నొప్పి అనకూడదు."

"మెకానిక్కా? మన స్కూటరుకేమైంది?" అన్నారు మామగారు హాల్లోంచి.

అందరి కళ్ళూ పెట్టె మీదే ఉన్నాయి. నల్లగా, బరువుగా, మెట్లు మెట్లుగా ఉన్న కీబోర్డు బయటికొచ్చింది. వైరు తగిలించగానే కీల సందుల్లోంచి ఎరుపూ నీలమూ పసుపూ దీపాలు పరుగులు పెట్టాయి. రంగుల కొట్టు వాడి ఎంపిక అని చెప్పకనే తెలుస్తోంది. కోడలు బెరుగ్గా ఒక కీ నొక్కింది. టక్! ఇంకొకటి నొక్కింది. టక్! తర్వాత రెండు చేతులూ వేసి గబగబా ఏదో కొట్టింది. ఇల్లంతా టకటకటకా మార్మోగిపోయింది.

కోడలు గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వు విని చాలాకాలమైందని సిస్టరుగారికి ఆ క్షణాన తట్టలేదు.

మామగారు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఇదేదో చాలా బాగుంది. ఇంట్లో ఇన్నాళ్ళకి ఒక్క శబ్దం సాఫుగా వినపడింది!"

వినపడటమే అసలు చిక్కని మధ్యాహ్నానికి తేలింది.

ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసిన సిస్టరుగారికి రాత్రి నిద్ర పట్టదు. భోజనం చేసి తెరలు దించుకుని పడుకునే ఆ మధ్యాహ్నపు కునుకే ఆవిడకి అసలు నిద్ర. కోడలు 'క్లాసులు' అనే ఆ టైపు పనంతా సరిగ్గా అప్పుడే. ఆవిడ కన్ను అంటుకుందో లేదో, గోడకి అవతల రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు మొదలయ్యేది. ఉండుండి ఒక పెద్ద 'ఢప్'. అది అడుగు వరసలో ఉండే పొడుగు కీ అని తర్వాత తెలిసింది. కాసేపు ఆగేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ వడగళ్ళు.

కోడలు తన ప్రయత్నాలు తను చేసింది. కీబోర్డు కింద టవల్ మడతపెట్టి పరిచింది. తలుపు సందులో పాత దుప్పటి దోపింది. అయినా లాభం లేకపోయింది. కొడుకు తల్లికి నచ్చజెప్పబోయాడు, "అలవాటైపోతుందమ్మా, కొన్నాళ్ళు ఓపిక పట్టు."

"నాకు అలవాటయ్యేలోపు మీ నాన్న చెవులు నాకొస్తాయి" అన్నారు ఆవిడ.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. కొడుకు కూర వడ్డించమంటే "ఏంటీ?" అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ "ఏంటీ?" అన్నారు. మామగారు జాలిగా చూసి, "నీకూ మొదలైందన్నమాట" అన్నారు. కొడుకు పొలమారి దగ్గాడు. కోడలు మాత్రం నవ్వలేదు. కంచంలోకి చూస్తూ తింది.

ఆ వారం అలాగే గడిచింది. ఒకరోజు పొద్దున్నుంచీ సిస్టరుగారికి తలనొప్పి. మధ్యాహ్నం తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని పడుకున్నారు. గోడ అవతల టకటకలు ఆ రోజు మరీ జోరుగా ఉన్నాయి. ఢప్. టకటక. ఢప్. ఆవిడ లేచారు. వార్డులో అల్లరి చేసే వాళ్ళ దగ్గరికి వెళ్ళినట్టే, చెప్పులు కూడా వేసుకోకుండా విసవిసా నడిచి వెళ్ళి, చిన్నగది తలుపు తోసి, కీబోర్డు వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

దీపాలన్నీ ఆరిపోయాయి.

కోడలు ఆవిడ వంక చూడను కూడా లేదు. చచ్చిన కీబోర్డుని మోచేత్తో పక్కకి నెట్టేసి, లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుని దాని పల్చటి కీల మీదే టైపు చెయ్యడం మొదలుపెట్టింది. తెర మీద అక్షరాలు మళ్ళీ మెల్లగా కదిలాయి. ఆ పైన, ఇందాక ఆగిపోయిన వాక్యం సగంలో తెగి వేలాడుతోంది. దాని పక్కన చిన్న గడిలో ఎవరో పంపిన మాటలు కనిపించాయి.

'ఉన్నారా? ఆగిపోయింది. సార్ ఏం చెప్తున్నారో నాకు తెలియట్లేదు.'

సిస్టరుగారు ఆ మాటలు రెండుసార్లు చదివారు. చేతిలో వైరు ఇంకా అలాగే ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి బయటికొచ్చారు. తలనొప్పి ఎటుపోయిందో తెలియలేదు.

క్లాసు అయ్యాక కోడలు హాల్లోకి వచ్చింది. రంగుల కొట్టు నుంచి అప్పుడే వచ్చిన కొడుకు గ్లాసులో నీళ్ళు పోసుకుంటున్నాడు. మామగారు టీవీ చూస్తున్నారు.

"అత్తయ్యా, మీకు నిద్ర లేకపోతే నాకు తెలీదనుకున్నారా? టవల్ పెట్టాను, దుప్పటి పెట్టాను. పిలిచి ఆపమంటే క్లాసు అయ్యాక ఏదో ఒకటి ఆలోచించేదాన్ని. వైరు పీకేస్తారా?"

"తలనొప్పిగా ఉండి..."

"నన్ను చెప్పనివ్వండి. నేను టైపు చేసేది ఒక అమ్మాయి కోసం. ఆ అమ్మాయికి వినపడదు. పుట్టినప్పటినుంచీ. కాలేజీలో మాస్టారు పాఠం చెప్తుంటే ఆ మాటలు నా హెడ్‌ఫోన్లలోకి వస్తాయి. విన్నది విన్నట్టు నేను టైపు చేస్తే ఆ అమ్మాయి బల్ల మీద తెరలో చదువుకుంటుంది. నేను ఆగితే ఆ అమ్మాయికి క్లాసులో మాట ఆగిపోయినట్టే. మూడేళ్ళుగా చేస్తున్నాను ఈ పని. ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

కొడుకు గ్లాసు కింద పెట్టాడు. "టైపింగు అని తెలుసు కానీ..."

"టైపింగు! ఆ లాప్‌టాప్ కీలకి శబ్దం లేదు. శబ్దం లేకపోయేసరికి నేను పని చేస్తున్నానని ఎవరికీ అనిపించలేదు. 'అమ్మాయ్, గేటు దగ్గర ఎవరో చూడు.' 'కూర్చునే ఉన్నావుగా, ఈ బట్టలు కాస్త మడతపెట్టు.' 'ఖాళీయే కదా, నా ఫోను కనపడట్లేదు, వెతికిపెట్టు.' ఒక చేత్తో మీ ఫోను వెతుకుతూ ఒక చేత్తో పాఠం టైపు చేసిన రోజులున్నాయి. ఈ టకటక వచ్చాక మొదటిసారి, మొదటిసారి అత్తయ్యా, ఈ గదిలో ఒకరు పనిచేస్తున్నారని ఇంటికి తెలిసింది. తెలిసి ఏం చేశారు? వైరు పీకారు."

అంటూనే ఏడ్చేసింది. కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మామగారు రిమోటుతో టీవీ కట్టేశారు. ఆయనకి ఎంతవరకూ వినపడిందో గానీ, ఎవరు ఏడుస్తున్నారో మాత్రం తెలిసింది.

సిస్టరుగారు వెళ్ళి తన మంచం మీద కూర్చున్నారు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ మోకాళ్ళ మీద పడుతోంది.

తన కాపురం కొత్తలో రాత్రంతా వార్డులో నిలబడి, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే, గది బయట గిన్నెలు కావాలని ఎత్తి పడేసినట్టు మోగేవి. "మహారాణిగారు పగటి పూట పవళించారు" అని ఎవరో ఒకరు అనేవారు. రాత్రి తను ఎంతమంది పక్కన మేలుకుని కూర్చుందో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టి అది పని కాదు. అప్పుడు తలగడలో మొహం దాచుకుని, ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు 'పాపం అలిసిపోయింది, పడుకోనివ్వండి' అంటే చాలనుకునేది. ఆ ఒక్కరూ దొరకలేదు.

'మరి నేను ఈ పిల్లకి ఆ ఒక్క మనిషినైనా అయ్యానా?' అనుకునేసరికి ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

మర్నాడు పొద్దున సిస్టరుగారు రౌండ్లు తిరగలేదు. తిన్నగా కోడలి దగ్గరికి వెళ్ళి, గోరువెచ్చని నీళ్ళ గిన్నె తనే తెచ్చి ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"నా వార్డులో ఎవరైనా పేషంటుకి ఎక్కుతున్న సెలైన్ పైపు పీకేస్తే గేటు బయట నిలబెట్టేదాన్ని. నిన్న నేను చేసింది అదే పని. తప్పయిపోయింది అమ్మాయ్."

కోడలు ఇలాంటిది ఊహించలేదు. "అయ్యో అత్తయ్యా, నేనూ కాస్త ఎక్కువే అన్నాను."

"తక్కువే అన్నావు. ఆ పిల్లకి ఏం చెప్పావు?"

"కరెంటు పోయిందని చెప్పాను."

"అబద్ధమెందుకు? మా అత్తగారు పోగొట్టిందని చెప్పాల్సింది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కోడలు కళ్ళు తుడుచుకుంది. సిస్టరుగారు ఆ చేతిని గిన్నెలోంచి తీసి, మణికట్టుని అటూ ఇటూ వంచి చూశారు. "నిజం చెప్పు. ఆ దీపాల కీబోర్డుతో నొప్పి తగ్గిందా?"

కోడలు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "వేళ్ళకి హాయిగా ఉందత్తయ్యా. వేలు పడ్డట్టు తెలుస్తుంది, తప్పులు తగ్గాయి. కానీ అది మరీ ఎత్తు. చెయ్యి పైకి వంచి పెట్టాల్సొస్తోంది. కీలు కూడా గట్టివి, సాయంత్రానికి మణికట్టు ఇంకా లాగుతోంది. ఆయన అంత ముచ్చటపడి తెచ్చారని చెప్పలేదు."

"వాడి ముచ్చట వాడి కొట్టుకి పంపిద్దాం. లే, తయారవ్వు. చెప్పులు కూడా కాలికి తొడుక్కుని చూసి కొంటాం. రోజంతా వేళ్ళు ఆనించి బతికే వస్తువుని చేత్తో ముట్టుకోకుండా కొంటారా ఎవరైనా?"

కంప్యూటర్ సామాన్ల కొట్టు ఒక ఇరుకు సందులో, మేడ మీద ఉంది. నడిపేది ఓ బొద్దుగా ఉన్న ఆవిడ. కళ్ళజోడు తల మీదికి తోసుకుని ఏదో స్క్రూ బిగిస్తోంది. విషయం చెప్పగానే బల్ల మీద వరసగా కీబోర్డులు పేర్చి, ఒకదాన్ని కంప్యూటరుకి తగిలించి, "కూర్చుని తీరిగ్గా కొట్టి చూడండి. తొందరేం లేదు" అంది.

"మా కోడలు టైపు చేస్తుంది, నేను నిద్రపోతాను" అన్నారు సిస్టరుగారు.

"ఆ?"

"నా నిద్ర పోగొట్టకూడదు, దాని చెయ్యి నొప్పెట్టకూడదు. అలాంటిది కావాలి మాకు."

సిస్టరుగారు మూల ఉన్న స్టూలు లాక్కుని గోడకి ఆనుకుని నిజంగానే కళ్ళు మూసుకున్నారు. కొట్టావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మొదటి కీబోర్డు టక్కున మోగింది. సిస్టరుగారు కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపారు. "ఇది మా ఇంట్లో ఉన్న శాల్తీయే. దీన్ని లోపల పెట్టెయ్యండి."

రెండోదానికి దాదాపు చప్పుడే లేదు. వెన్నలో వేలు దిగినట్టు కీ మెత్తగా కిందికి జారిపోయింది. "ఆహా!" అన్నారు సిస్టరుగారు, "ఇది దివ్యంగా ఉంది. ఇదే తీసుకుందాం."

కోడలు "బాగుందత్తయ్యా" అంది. కానీ ఆ గొంతులో ఏదో తేడా ఉంది. ఏళ్ళ తరబడి పేషంట్ల గొంతులు విన్న చెవి అది. ఆవిడ కళ్ళు తెరిచి, లేచి వచ్చి తెర వంక చూశారు. మాటల నిండా తప్పులు. అక్షరాలు ఒకటికి రెండు పడ్డాయి.

"ఏమైంది?"

"కీ ఎక్కడ పడిందో వేలికి తెలియట్లేదు. కాస్త తగిలినా అచ్చు పడిపోతోంది. అలవాటు చేసుకుంటాలెండి. మీకు నిద్ర..."

"నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను. వేళ్ళు నీవి. నన్ను చూడకు, కీల వంక చూడు. ఇంకోటి తియ్యండమ్మా."

మూడోది, నాలుగోది వచ్చాయి. ఒకటి స్ప్రింగు గట్టిదైంది, ఒకటి మరీ వెడల్పై మౌసు ఆమడ దూరానికి పోయింది. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని ఒక్కోదాన్నీ కొట్టి చూసి పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. ఇది చెక్క చెప్పులు, ఇది జల్లు వాన, ఇది అప్పడాల విరుపు. సిస్టరుగారు ఒక్క వేలితో 'మా కోడలు మొండిది' అని కొట్టారు. కోడలు దాని కిందనే పది వేళ్ళతో 'అత్తగారి శిక్షణ' అని కొట్టింది. కొట్టావిడ పని మానేసి వాళ్ళనే చూస్తూ కూర్చుంది.

చివరికి ఒక చిన్నది దొరికింది. అంకెల గళ్ళు లేకుండా పొట్టిగా, పల్చగా, లేత బూడిదరంగులో ఉంది. దీపాలు లేవు. కోడలు మొదటి కీ నొక్కగానే ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.

"సగం దూరంలో చిన్న మెట్టులాంటిది తగులుతోందత్తయ్యా. అక్కడ అక్షరం పడిపోతోంది. అడుగుదాకా నొక్కక్కర్లేదు." ఇంకాస్త వేగం పెంచింది. భుజాలు దిగాయి. మణికట్లు బల్ల మీద చాపినట్టు తిన్నగా ఉన్నాయి. ముందు ఆన్చుకోవడానికి కొట్టావిడ ఒక నున్నటి చెక్క దిమ్మ కూడా జరిపింది. తెర మీద వాక్యం తర్వాత వాక్యం, ఒక్క తప్పు లేకుండా సాగిపోతోంది. కోడలికి చుట్టూ ఎవరూ గుర్తులేరు. పెదవుల మీద నవ్వు మాత్రం ఉంది.

దీనికీ చప్పుడుంది. కానీ టక్ అని కాదు. గది తలుపు మీద ఎవరో వేలితో మెల్లగా తట్టి 'రావచ్చా' అని అడిగినట్టుంది.

సిస్టరుగారు స్టూలు మీదికి వెళ్ళి కళ్ళు మూసుకోలేదు. కోడలి చేతుల వంకే చూస్తూ, "ఇది ఇచ్చెయ్యండి" అన్నారు.

"మీరు నిద్రపోయి చూడలేదే?" అంది కొట్టావిడ.

"దాని మొహం చూశాను. చాలు."

ఇంటికొచ్చాక కొడుకు మొహం మొదట చిన్నబోయింది. "మరి నేను తెచ్చింది?"

"అది నీ కొట్టులో పెట్టుకో నాయనా. రంగులకి రంగులు, బిల్లులకి బిల్లులు" అన్నారు తల్లి. అది ఎంత బాగా కుదిరిందంటే, ఆ దీపాలు చూడటానికే జనం కౌంటరు దగ్గర ఆగుతున్నారని వాడు సాయంత్రాలు గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. భార్యతో మాత్రం ఒక పూట విడిగా, "నన్నూ అడగొచ్చుగా, నొప్పిగా ఉందని" అన్నాడు. "ఇకనుంచి చెప్తానండీ, నచ్చనివన్నీ చెప్తాను" అంది ఆమె. "అన్నీ అక్కర్లేదు" అన్నాడు వాడు కంగారుగా.

ఇంట్లో కొత్త పద్ధతులు వచ్చాయి. క్లాసు మొదలవగానే సిస్టరుగారు చిన్నగది గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గేటు దగ్గర ఎవరొచ్చినా ఆవిడే వెళ్ళేవారు. ఫోను కనపడట్లేదంటూ మామగారు అటు వస్తే, "విజిటింగ్ అవర్స్ కాదు, తర్వాత రండి" అని వెనక్కి పంపేవారు. ఒకరోజు కోడలు క్లాసు ముగించి తలుపు తీసేసరికి ఆవిడ ఆ కుర్చీలోనే తల వాల్చి గాఢంగా నిద్రపోతున్నారు. కోడలు మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి దుప్పటి తెచ్చి కప్పింది.

వినపడని ఆ అమ్మాయి చదువు ఆ ఏడాదితో పూర్తయింది. పట్టాలిచ్చే రోజున సభ మొత్తానికీ కోడలే టైపు చెయ్యాలని కాలేజీ వాళ్ళు అడిగారు. వినపడని వాళ్ళు చాలామంది వస్తారట. వేదిక వెనక పెద్ద తెర మీద అక్షరాలు కనపడాలి. తరగతి తరఫున మాట్లాడేది కూడా ఆ అమ్మాయేనట.

ఆ ఉదయం కొడుకు కొట్టు మూసేసి ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో టీవీకి సభని కలిపి, ముగ్గురూ వరసగా కూర్చున్నారు. చిన్నగదిలోంచి మెల్లగా తట్టినట్టు చప్పుడు వస్తుంటే, దాని వెంటే టీవీలో వేదిక మీది తెరపై అక్షరాలు పడుతున్నాయి. ఇక్కడ కొడితే అక్కడ పడటం వాళ్ళు చూడటం అదే మొదలు. మామగారు ప్రతి మాటా పైకి చదివారు. మధ్యలో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం దంచుతుంటే, "ఇంతసేపు మాట్లాడేవాడికి బుద్ధుండాలి, అమ్మాయి చెయ్యి ఏమైపోవాలి?" అని విసుక్కున్నారు.

చివరికి ఆ అమ్మాయి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చలాకీగా ఉంది. నోటితో కాదు, చేతులతో మాట్లాడింది. పక్కన నిలబడ్డ ఒకావిడ ఆ సైగలని గొంతుతో చెప్తోంది. ఆ గొంతు కోడలి హెడ్‌ఫోన్లలోకి వచ్చి, వేళ్ళలోంచి తెర మీదికి వెళ్తోంది. తల్లిదండ్రులకీ మాస్టార్లకీ కృతజ్ఞతలయ్యాయి. తర్వాత ఆ అమ్మాయి కాస్త ఆగి మళ్ళీ చేతులు ఎత్తింది.

'ఇంకొకరున్నారు. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు పాఠం మధ్యలో జోకు వేస్తే క్లాసంతా నవ్వుతుంది. చిన్నప్పటినుంచీ నేను ఆ నవ్వులకి ఎప్పుడూ ఆలస్యమే. అందరూ నవ్వడం అయిపోయాక నేనొక్కదాన్నీ నవ్వేదాన్ని. ఈ కాలేజీలో అలా జరగలేదు. ఎందుకంటే ఆవిడ పాఠం ఆపి, జోకుని ముందు టైపు చేసేవారు. పాఠం తర్వాత అందించేవారు. నేను అందరితో పాటు నవ్వాలని...'

తెర మీద అక్షరాలు అక్కడ ఆగిపోయాయి.

చిన్నగదిలో చప్పుడు లేదు. వేదిక మీద ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తెర వంక చూస్తూ నిలబడింది. మామగారు చదవడానికి ఏమీ లేక భార్య వంక చూశారు.

సిస్టరుగారు అప్పటికే లేచారు. గదిలోకి వెళ్ళి చూస్తే కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ హెడ్‌ఫోన్ ఒక పక్క మెల్లగా పైకెత్తారు.

"ఆగావేం? అందరూ చూస్తున్నారు."

"నా గురించి నేనెలా టైపు చేసుకోను అత్తయ్యా? సిగ్గుగా ఉంది."

"ఆ పిల్ల చెప్పిన మాట ఆపడానికి నువ్వెవరు? మాస్టారు చెప్పినవన్నీ కొట్టావు, ఇదీ కొట్టు." చీర చెంగుతో కోడలి కళ్ళూ బుగ్గలూ గబగబా తుడిచి, హెడ్‌ఫోన్ సరిచేసి, వెనక నిలబడి రెండు చేతులూ ఆమె భుజాల మీద వేశారు.

కోడలు ముక్కు ఎగబీల్చి కీల మీద వేళ్ళు ఆనించింది.

'నేను అందరితో పాటు నవ్వాలని ఆవిడ అలా చేశారు. ఆవిడ ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నారు. ఈ అక్షరాలు ఆవిడవే.'

లాప్‌టాప్ తెరలో కనిపిస్తున్న సభలో వందల చేతులు ఒక్కసారిగా పైకి లేచి గాలిలో ఊగాయి. అది చప్పట్లని, వినపడని వాళ్ళ చప్పట్లు అలాగే ఉంటాయని, కోడలు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం సిస్టరుగారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. హాల్లోంచి కొడుకు ఈల వేశాడు. మామగారు "చదివాను, మొత్తం చదివాను!" అని అరిచారు. సిస్టరుగారు కోడలి భుజాల మీంచి చేతులు తీసి, తను కూడా వాటిని గాలిలోకి ఎత్తి ఊపారు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అందుకని తుడుచుకోలేదు.